చప్పుడు విని ఉప్పు చెప్పే మాస్టారు

“చూడండి, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాను. కాళ్లు వాచిపోయి, నడుం పట్టేసి, నన్ను నేనే మోసుకోలేకపోతున్నా, ఇంకా గొప్పలు కూడా ఎక్కడ మోయను? ఉన్నమాట చెప్తున్నా, అంతే.”

మిల్లు క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుని వంటమాస్టారు ఇలా మొదలుపెట్టారంటే మా టీలు చల్లారిపోయినట్టే. మేమంటే ముగ్గురం: కూరగాయల వ్యాను డ్రైవరు, గిన్నెలు తోమే అక్క, స్టోరు తాళాలు చూసుకునే నేను. నాలుగు వందల మంది తిని వెళ్లాక మాకు దొరికేది ఆ అరగంటే.

ఆ రోజు ఆయన్ని కదిలించింది నేనే. సోమవారం నుంచి క్యాంటీన్‌కి కొత్త మేనేజరు వస్తున్నాడు. గిన్నె బయటికి వెళ్లే ముందు వంటమాస్టారు తన ఎదుటే రుచి చూసి చెప్పాలని, కుదరదంటే ఇంకో మాస్టారుని చూసుకుంటానని ముందే నోటీసు పంపాడు. మరి మీ పథ్యం సంగతేంటి మాస్టారూ అని అడిగాను. అక్క అప్పుడే టీలు తెచ్చింది. మాస్టారుది పంచదార లేని టీ, విడిగా స్టీలు గ్లాసులో. ఆయన ఒక గుక్క తాగి బావుందక్కా అన్నారు.

“పథ్యమంటే మాటలా? వానాకాలంలో జ్వరమొచ్చి పది రోజులు మంచం పట్టానా, తగ్గాక డాక్టరు రక్తం పరీక్ష చేసి, తీపి ముట్టకు, నూనె ముట్టకు, మాంసం ముట్టకు, ఉడకబెట్టిన సొరకాయ తిను, ఇంకా ఆకలేస్తే ఇంకాస్త సొరకాయ తిను అన్నాడు. ఆయన దగ్గరికొచ్చేవాళ్లంతా కుర్చీల్లో కూర్చుని పనిచేసేవాళ్లు. నేనేమో పొద్దున ఆరింటినుంచి బాండీ ముందు నిలబడేవాణ్ణి. వంటవాడికి పథ్యం చెప్పడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా. అయినా ఒట్టు పెట్టుకున్నా, రుచి కూడా చూడనని. ఎందుకంటే చెంచా వెనక గరిటె వస్తుంది, గరిటె వెనక గిన్నె వస్తుంది, నా సంగతి నాకు తెలుసు. నా రుచి చెంచా తీసుకెళ్లి పొయ్యి పక్కన మేకుకి తగిలించేశా. ఆ రోజే పెద్ద గుమాస్తాగారి రిటైర్మెంటు. నలభై కేకు ముక్కలు ఈ చేత్తో కోశా. వేలికి క్రీమ్ అంటుకుంది. నాకలేదు. గుడ్డకి తుడిచేశా.”

“ఇందులో ఏముంది మాస్టారూ?” అన్నాడు డ్రైవరు.

“ఏముందా? ఆ గుడ్డకి పట్టిన చీమల్ని అడుగు. పైగా అది మొదటిరోజు, అల్లుడూ. మర్నాడు ఏమైందో తెలుసా? మాంసం వేయిస్తున్నా. ఒక ముక్క, బొద్దుగా, అంచులు ఎర్రబడి, నూనెలోంచి లేచి సరాసరి నా పెదవి మీద కూర్చుంది. నేను నోరు తెరవలేదు. అది దిగలేదు. దాని పంతం దానిది, నా పంతం నాది. పావుగంట అలాగే ఉన్నాం. ఈలోగా ఒక చేత్తో ఉల్లిపాయలు కూడా తరిగా. చివరికి అదే సిగ్గుపడి బాండీలోకి దిగిపోయింది.”

“పెదవి కాలలేదా?”

“కాలింది. కాలితే ఒట్టు తీసి గట్టున పెడతామా? మూడో నెలకి చిక్కి చీపురుపుల్లనయ్యా.”

చిక్కిన మాట నిజమే. ఆయన చొక్కా ఇప్పుడు కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతుంది.

“పొగ ఎక్కువైందని ఫ్యాను వేస్తే, పొగతోపాటు నన్నూ లాగేసింది. పైకెళ్లి జాలీకి అంటుకుపోయా. ఎవరూ చూడలేదు. అలా వేలాడుతూనే కిందికి చూస్తే బంగాళదుంపలు మాడుతున్నాయి. మంట తగ్గించండ్రా అని అరిచా. మంట తగ్గించారు గానీ మాస్టారు ఎక్కడున్నాడని ఒక్కడూ తలెత్తి చూడలేదు. నాలుగింటికి కరెంటు పోతే కిందపడ్డా. ముప్ఫై ఏళ్లు వండిపెట్టినవాడికి ఇదీ మర్యాద.”

ఆ చివరి మాట నవ్వించడానికి అన్నట్టు లేదు. ఇంకో గుక్క టీ తాగి, మోకాళ్లు రాసుకుని, నా వైపు తిరిగారు.

“రుచి చూడకుండా ఉప్పెలా తెలుస్తుందనే కదా నీ అనుమానం? చప్పుడు. ఉప్పు తక్కువైన కూర బుడబుడమంటుంది, పసిపిల్లల మాటలాగా. సరిపోయిన కూర గుడగుడమంటుంది, నిదానంగా. ఎక్కువైన కూర అసలు నోరెత్తదు, దాని గొంతు అప్పటికే ఆరిపోయి ఉంటుంది. తొమ్మిది నెలలైంది నేను చెంచా ముట్టి. ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో ఎవడైనా ఒక్కడు వచ్చి అన్నాడా, నువ్వే చెప్పు.”

ఎవరూ అనలేదు. అది మాత్రం నేనూ ఒప్పుకోవాలి. అక్క ఆయన గ్లాసు వైపే చూస్తోంది.

“వీధి చివర ఆస్పత్రి క్యాంటీనువాడు ఫోన్ చేశాడు, మాస్టారూ, కూర ఎలా ఉందో తేలట్లేదని. ఫోను పొయ్యి దగ్గర పెట్టరా అన్నా. విన్నా. రెండున్నర చెంచాలు వెయ్యి, ఆ అర చెంచా అంచుకి సమంగా తలగొట్టి వెయ్యి అన్నా. ఆ కబురు ఎలా పాకిందో గానీ, ఒకరోజు నడిసముద్రంలో ఓడ మీంచి ఒక వంటవాడు చేశాడు. సూపు వినిపించరా అంటే వాడు కంగారులో ఫోను కిటికీ బయట పెట్టాడు. నాకు వినపడుతోంది సముద్రం. అబ్బో, ఎంతమందికి వండుతున్నాడో అనుకున్నా గానీ, ఉప్పు మాత్రం మితిమీరిపోయింది. చెయ్యి జారిందిరా, బంగాళదుంపలు కోసి పడెయ్, లాగేస్తాయి అన్నా. ఎన్ని అన్నాడు. ఉన్నవన్నీ అన్నా. మూడు బస్తాలు పోశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నాలుగు మైళ్ల మేర నీళ్లు చప్పబడిపోయాయి. చేపలు చప్పిడి తినలేక ఒడ్డుకొచ్చి ఇల్లిల్లూ తిరిగి చిటికెడు ఉప్పు అడుక్కున్నాయట, పాపం. వాటి బాధ నాకు తెలుసు.”

డ్రైవరు పొలమారి దగ్గాడు. మాస్టారు నవ్వలేదు.

“కాబట్టి సోమవారం ఆ మేనేజరుకి ఇదే చెప్తా. బాబూ, నాది పథ్యం, చెంచా పనిలేదు, చెవి చాలు అని. ఇంకా రెండేళ్ల సర్వీసుంది. అదొక్కటీ గట్టెక్కితే చాలు నాకు.” మిగిలిన టీ గటగటా తాగేసి గ్లాసు మెట్టు మీద పెట్టారు.

“టీ ఎలా ఉంది తమ్ముడూ?” అంది అక్క.

“చెప్పాను కదక్కా. బ్రహ్మాండం.”

“అందులో చెంచాడు ఉప్పు వేశాను.”

డ్రైవరు అది వేళాకోళం అనుకుని, గ్లాసు అడుగున వేలు పెట్టి నాకాడు. వెంటనే పక్కకి తిరిగి ఉమ్మేశాడు. మాస్టారు ఖాళీ గ్లాసు వైపు చూశారు.

“ఎప్పట్నుంచి తెలుసు?” అన్నారు.

“జ్వరం తగ్గి వచ్చిన మూడో రోజే కూరలో ఉప్పు రెండుసార్లు వేశావు. నేను చూశాను కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి నువ్వు మూతపెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్లినప్పుడల్లా, మేకున ఉన్న నీ చెంచా తీసి చూస్తున్నాను. తక్కువైతే వేస్తున్నాను, ఎక్కువైతే బంగాళదుంపలు వేస్తున్నాను, చెంచా కడిగి మళ్లీ తగిలిస్తున్నాను. ముందు పథ్యమే అనుకున్నాను. మొన్న పాలు మాడి వంటిల్లంతా కంపు కొడుతుంటే, నువ్వు పక్కనే నిలబడి కూనిరాగం తీస్తున్నావు. అప్పుడు అనుమానం వచ్చింది. సోమవారం మీదికొస్తోంది కదా, తేల్చుకుందామని వేశాను.”

మాస్టారు గొంతు తగ్గించారు. ఆయన అంత చిన్నగా మాట్లాడగా మేం ఎప్పుడూ వినలేదు. “నా రుచీ వాసనా ఆ జ్వరం పట్టుకుపోయిందక్కా. మెల్లగా వస్తుందన్నాడు డాక్టరు. రాలేదు. మాంసం, సొరకాయ, అట్టముక్క, అన్నీ ఒకటే నాకు. పథ్యం చేయాలన్నా ముందు నోరూరాలి కదా. చప్పిడి కూడు పెడుతున్నానని మా ఆవిడ రోజూ డబ్బా కడుతూ కళ్లు తుడుచుకుంటుంది, ఆవిడకీ చెప్పలేదు. నాలుక పోయిన వంటవాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? అబద్ధాలు చెప్పీ చెప్పీ అలిసిపోయాను.”

పథ్యం సంగతి అడిగినందుకు నాకు సిగ్గేసింది. అక్క గ్లాసులన్నీ ఒకదాంట్లో ఒకటి పెట్టింది.

“సోమవారం నువ్వు వాడి ఎదుట చెంచా నోట్లో పెట్టుకో. దానికి ముందు, కలిపిన గరిటె తోమడానికని నా చేతికి ఇవ్వు. రుచి చూడ్డానికి దానికి అంటింది చాలు నాకు. ఉప్పు తక్కువైతే ఒకసారి దగ్గుతా. ఎక్కువైతే రెండుసార్లు దగ్గుతా. సరిపోతే గిన్నె మోగిస్తా. చెప్పేది మాత్రం నువ్వే చెప్పు.”

లోపల్నుంచి సాయంత్రం షిఫ్టు గంట వినపడింది. మాస్టారు మోకాళ్ల మీద చేతులాన్చి లేచి, తలుపు దాకా వెళ్లి, మా వైపు తిరిగారు.

“చప్పుడు విని చెప్తానంటే ఒక్కరూ నమ్మలేదు,” అన్నారు.