నెహెమ్యా బిగించిన యాంప్లిఫయర్

సభాధ్యక్షులు, మెకానిక్కుల సంఘం పెద్ద హనుమేష్ గారికి, బద్వేలు పెద్దలకు, తోటి డ్రైవర్లకు, నలభై ఏళ్లు బండ్లకు వైరింగు చేసి నేటితో పని చాలిస్తున్న నెహెమ్యన్నకు, ఆయన భార్య రత్నమణమ్మకు నమస్కారాలు. నేను పెళ్లిళ్లకు వ్యాను తిప్పే ఓబులేష్‌ను. మైకు పట్టుకోవడం ఇదే మొదలు, సౌండు పెట్టడం మాత్రం కొత్త కాదు. (నవ్వులు)

మూడున్నరేళ్ల కిందట కొత్త వ్యానులో కంపెనీ స్టీరియో సౌండు చాలక, యాంప్లిఫయర్ తెచ్చి, వైర్లు కోసి బిగించమని అన్నను తొందరపెట్టాను.

"కోసేదెందుకప్పా? వెనక స్పీకర్లకు పోయే వైర్లలో నుంచే పాట తీసుకుందాం. కరెంటు మాత్రం నేరుగా బ్యాటరీ నుంచి రావల్ల" అని, రోజంతా కూర్చుని, ఆ సిగ్నలును తగ్గించే చిన్న డబ్బా ఒకటి మధ్యలో పెట్టి, కంపెనీ వైరు ఒక్కటీ తెగకుండా పని ముగించాడు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, "ఇది పోతే ఊరికే మార్చొద్దు, ఎందుకు పోయిందో నేను చూడాల" అన్నాడు.

నాలుగు నెలలకు వెనక సీట్లు నేనే జరిపి బిగించుకున్నాను. మర్నాడే ఫ్యూజు పోయింది. పెళ్లివాళ్లు తొందరపెడుతుంటే ఫ్యూజు ఉండాల్సిన చోట రాగితీగ చుట్టాను. పోరుమామిళ్ల దారిలో సీటు కింద పొగ లేచింది. పెళ్లికూతురితో సహా తొమ్మిదిమంది రోడ్డు మీదికి దూకారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నేను మాత్రం ఊరంతా, "నెహెమ్యా వైరింగే కాలింది" అని చెప్పుకున్నాను.

అన్న వచ్చి చూశాడు. సీటు బోల్టు కింద నలిగిన కరెంటు వైరు, బ్యాటరీ దగ్గర నా రాగితీగ, రెండూ చూశాడు. "అందరూ బాగుండారా?" అని మాత్రం అడిగి, వైరు మళ్లీ వేశాడు. హనుమేష్ గారూ, సంఘంలో మీరు నిలదీసినప్పుడు కూడా, "నా పని నేను సరిగ్గానే చేసినా" అన్నాడే గాని నా పేరెత్తలేదు. ఆ తర్వాత ఎంతమంది డ్రైవర్లు ఆయన షాపు దాటి వేరే మెకానిక్కుల దగ్గరికి పోయారో ఈ హాల్లో ఉన్నవాళ్లకే తెలుసు.

ఆ తీగ చుట్టింది ఈ చేతులే.

మొన్న అన్న ఇంటికి వెళ్లి, ఈ మాట సభలో చెబుతానన్నాను. "ఇప్పుడెందుకులే అప్పా" అన్నాడు అన్న. వంటింట్లో నుంచి రత్నమణమ్మ బయటికొచ్చి, "చెప్పనీ. మూడేండ్లయింది, నేను ఇనాల" అంది.

అమ్మా, చెప్పాను. క్షమించాలో లేదో మీ ఇష్టం. ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. సెలవు.