నట్టు మామ కాలాన్ని వెనక్కి తిప్పిన వైనం

టీచరమ్మ తన కంప్యూటర్ డబ్బాను దుప్పట్లో చుట్టి తెచ్చి టీ కొట్టు బల్ల మీద పెట్టించింది. మనవలు ఆటలాడి పాడుచేస్తున్నారని దానికి తనే పాస్‌వర్డ్ పెట్టింది, తనే మర్చిపోయింది. ఆన్ చేస్తే చాలు, నల్లతెర మీద పాస్‌వర్డ్ అడిగి అక్కడే మొండికేస్తోంది. లోపల ఆమె మూడేళ్ల పని ఉంది. మూతపడిన మిల్లు సమ్మె గురించి కార్మికులు చెప్పింది చెప్పినట్టు టైపు చేసిన పుస్తకం అది. చెప్పినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఇంకో ప్రతి లేదు.

ఆ మిల్లులోనే ఒకప్పుడు ఫిట్టరుగా చేసిన నట్టు మామ స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. డబ్బా మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు.

"ఇదో లెక్కా టీచరమ్మా! మా బావమరిది ఇంట్లోది కూడా ఇలాగే మొరాయించింది. వాడు పిల్లల పుట్టినరోజులు కొట్టాడు, పెళ్లాం పేరు కొట్టాడు, చివరికి నెత్తి కొట్టుకున్నాడు. నేను వెళ్లి కరెంటు వైరు పీకి మూత విప్పాను. లోపల చొక్కా గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. దాన్ని గోటితో లేపి, ఒక టీ తాగి, మళ్లీ పెట్టాను. పాస్‌వర్డ్ మర్చిపోయి కిక్కురుమనకుండా తెరుచుకుంది."

"అంతేనా మామా?" అన్నాడు టీకి వచ్చిన టైలరు, నిరాశగా.

"అంతేనట! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తెర మీద తేదీ చూస్తే పదేళ్లు వెనక్కి పోయింది!"

"అది మామూలే. బ్యాటరీ తీస్తే గడియారం తప్పుతుంది."

"నేను చెబుతుంటే మధ్యలో నిజాలు చెప్పకయ్యా! సరే, పదేళ్లు పోయింది పాతికేళ్లు పోదా అని మళ్లీ పీకాను. ఈసారి రెండు టీలు తాగాను. ఇంకేముంది, గోడ గడియారం ఎడమకు తిరగడం మొదలెట్టింది, చింపేసిన క్యాలెండరు కాగితాలు చెత్తబుట్టలోంచి ఎగిరొచ్చి అతుక్కున్నాయి, ఊడిన పళ్లు నాలుగూ మొలిచాయి, మా ఆవిడ వంటింట్లోంచి 'ఏమండీ' అని మెత్తగా పిలిచింది. అప్పుడనుకున్నాను, మరీ వెనక్కి వచ్చేశామని!"

టీ కొట్టు బాబాయి గరిటె పట్టుకునే నవ్వాడు. "మరి మీ బావమరిది?"

"వాడి బట్టతల మీద జుట్టొచ్చింది. దువ్వెన కోసం వెతుక్కుంటూ కంప్యూటర్ సంగతే వదిలేశాడు. అంతలో మిల్లు సైరన్ మోగింది! ఇరవై రెండేళ్లుగా మోగని సైరన్! పరుగెత్తాను. గాల్లో ఉన్న పొగంతా తిరిగొచ్చి పొగగొట్టంలో దూరుతోంది. గేటు ఇవతల మన ఎనిమిది వందల మంది, అవతల లాఠీలు, వాటి వెనక మేనేజరు. 'లొంగినవాళ్లు లోపలికి రండి' అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒరే, ఆ గొట్టం నిలబడింది ఇటుకల మీద కాదురా, మా ఎముకల మీద! అని పానా తీసి గేటుకున్న నట్టు ఒకటి తిప్పాను. ఒక్కటే! గేటు పడింది, గోడ పడింది, లాఠీలవాళ్లు తమ కర్రలు మన ఆడవాళ్ల చేతికిచ్చి 'బట్టలారేసుకోండమ్మా' అని వెళ్లిపోయారు. మేనేజరు తన కుర్చీ తనే మోసుకొచ్చి నాకు వేశాడు..."

"అన్నయ్యా," అంది టీచరమ్మ.

అందరూ అటు తిరిగారు.

"ముప్పై మూడో పేజీ మీ మాటే. మా వరండాలో కూర్చుని మీరే చెప్పారు, నేను టైపు చేసుకున్నాను. 'లాఠీలు చూసి భయమేసింది. పానా కాలవలో పారేసి ఇంటికి పరుగెత్తాను. మర్నాడు అందరికంటే ముందు వెళ్లి లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టాను.' ఆ పేజీ ఇందులోనే ఉంది. గంట నుంచి ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. అందుకేనా?"

బాబాయి పొయ్యి తగ్గించాడు.

నట్టు మామ స్క్రూడ్రైవర్‌ను వేళ్ల మధ్య తిప్పాడు. "ఆ పేజీ తీసెయ్యమని అడుగుదామనే వచ్చానమ్మా," అన్నాడు.

"చెప్పింది మీరు. తీసెయ్యమంటే తీసేస్తాను."

"మిగతావాళ్లు ఎన్నాళ్లు నిలబడ్డారో కూడా రాశావుగా?"

"ఏడు నెలలు. ఒక్కొక్కరి పేరుతో సహా."

"అయితే ఉండనీ. నేను ఒక్కరోజులో పారిపోయానని తెలియకపోతే, వాళ్ల ఏడు నెలలు ఎంత బరువో చదివేవాడికేం తెలుస్తుంది?"

అని డబ్బాను తన వైపు తిప్పుకుని, మొదటి స్క్రూ విప్పాడు.