బైండింగు మేస్త్రి గడియారం

ఏంటమ్మాయ్, అలా చూస్తున్నావు? గడియారమా? నీ కొత్తింటికి కావాలా? ఇస్తాలే, ఎక్కడికి పోతుంది. ముందు అదెవరిదో విను. బైండింగు మేస్త్రిది. చర్చి పక్క సందులో కొట్టు, వేళ్ళకెప్పుడూ మైదా జిగురు. ఆయనకో జబ్బుండేది, కుట్టే పుస్తకమల్లా చదివేవాడు. లెక్కల పుస్తకమైనా సరే. వాళ్ళావిడ పోయిన ఏడే పాస్టరుగారు అట్టలూడిన పాతకాలం పుస్తకమొకటి కుట్టమని ఇచ్చారు. అందులో ఓ ఊరు. అక్కడ ఎవరికీ ఏదీ సొంతం కాదట, ఆఖరికి కంచం కూడా. ఏ పూట ఏది దొరికితే అందులో తినడమే. మీ నానమ్మ విని, "మరి కడిగేదెవరట?" అంది. అది మాత్రం రాయలేదట.

మేస్త్రి అది కుట్టడం అయ్యేసరికి మనిషే మారిపోయాడు. మంచం వడ్రంగికి, బీరువా దర్జీకి, గడియారం మనకి. వద్దు మొర్రో అంటే, "పరలోకానికి సామాన్ల బండి పోదు బాబూ" అని గోడకి తగిలించి మరీ పోయాడు. కీ మాత్రం జేబులోనే ఉండిపోయింది. మర్చిపోయాడేమో అనుకున్నా. ఆదివారం ఆరాధన అవగానే వచ్చాడు, చెప్పులు విడిచాడు, స్టూలెక్కాడు, పదకొండు చుట్లు తిప్పాడు, దిగాడు, పోయాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు. "పన్నెండోది తిప్పితే స్ప్రింగు తెగుద్దని మా ఇంటిది చెప్పేది" అన్నాడంతే. అలా పద్నాలుగేళ్ళు! మీ నానమ్మ, "బైబిల్లో, వదిలొచ్చిన ఊరికేసి వెనక్కి చూసినావిడ ఉప్పుస్తంభం అయిందన్నారే, ఈయనకేం కాదేం?" అనేది.

నేనూరుకోలేక పాస్టరుగారికి చెప్పా. ఆయన నన్నూ వెంటబెట్టుకుని కొట్టుకొచ్చి అడిగారు. మేస్త్రి సూది ఆపలేదు. "అయ్యగారూ, ఆ పుస్తకం మూడుసార్లు చదివా. అంతమంది జనంలో ఒక్కరూ ఎవరికోసమూ ఏడవరేమండీ?" అన్నాడు. "ఏడవాలంటే ముందు నాది అనుకోవాలి కదయ్యా" అన్నారాయన. "మరి పైనున్న ఊళ్ళో?" "అక్కడ కన్నీళ్ళు తుడుస్తారు. తుడవాలంటే ముందు ఉండాలిగా." మేస్త్రి దారం కొరికి, "అయితే కీ ఉంచుకోనా?" అన్నాడు. "ఉంచుకో. ఇచ్చేశానని మాత్రం చెప్పకు." నాకు నవ్వొచ్చింది. వాళ్ళిద్దరికీ రాలేదు.

తర్వాత ఓ ఆదివారం మేస్త్రి రాలేదు. ఆస్పత్రికి పరిగెత్తా. తలగడ కిందనుంచి కీ తీసి నా చేతిలో పెట్టాడు. పెట్టాడే గానీ వేళ్ళు వదల్లేదు. మేస్త్రి కోసం నేనేడవడం అప్పుడేనమ్మా, సిగ్గేముంది. చివరికి వదిలి, "ఇదిగో, ఇప్పుడిచ్చాను" అన్నాడు. సాయంత్రానికి ప్రభువు పిలిచాడు.

సరే, దింపించుకో గడియారం. జాగ్రత్త, అద్దం పాతది. ఆఁ? కీనా?

... కీ ఎందుకులే నీకు. ఆదివారం నేనే వచ్చి తిప్పుతా. మీ ఇంట్లో స్టూలుందా?