సన్నీళ్ల మీద ఉడుకునీళ్లు

నీకేందక్కా, మంచిగ పన్నవ్ మట్టికింద. సలి లేదు, పొయ్యి లేదు, ఎవరికీ జవాబు చెప్పేది లేదు. నా పరేషాన్ నేనెవరికి చెప్పుకోవాలె? చర్చికి పోతె పాస్టరమ్మ మొఖం చూసి పేగులు లెక్కపెడ్తది. అందుకే నీ కాడికొచ్చిన. గీ సమాధి గట్టు సూడు, మంచుకు తడిసి ఎట్లున్నదో. కూసుంటె నడుములకెల్లి సలి ఎక్కుతున్నది.

ఆ బంతిపూలా? నేను తేలే. బావ పెట్టినట్టున్నడు. ఒక్కనాడు సుత మరువడు గదా.

చెప్త, చెప్త, తొందరపెట్టకు. టీచరమ్మ ముచ్చటనే.

నువ్వు పోయినంక వచ్చింది, నీకెర్క లేదు. ఇంగ్రిడ్ అంటరు, స్వీడన్ దేశం. ఉట్నూర్ల మన బడికి ఇంగ్లీష్ చెప్పనీకె వచ్చింది. నలబై ఐదేండ్లుంటయ్, పెండ్లి కాలే. బడి ఎనుక క్వార్టర్ల ఉంటది. వంటా నేనే, ఇల్లూడ్చుడూ నేనే. తెలుగు మన తీరుగనే మాట్లాడుతది, మాటకొకసారి 'గట్లనా' అంటది. మంచి మనిషి, పాపం. గదే నాకు కడుపుమంట. చెడ్డదైతె నాలుగు తిట్టి ఊకుందును గదా.

ఆమె దేశంల మోకాళ్ల దాక మంచు పడ్తదట. గని ఇండ్లు వెచ్చగుంటయట. "దీనా, మా దగ్గర సలి బయటనే ఉంటది. మీ దగ్గర ఇంట్లకొచ్చి మంచమెక్కుతది" అనుకుంట స్వెట్టర్ మీద స్వెట్టర్ తొడుక్కుంటది. గా మాటకు నేను నవ్విన సుత.

బడి జీపు ఇంకా మన బెంజమిన్ బావనే నడుపుతుండు. ఆమెను ఆదిలాబాద్ టేషన్ కాడికెల్లి తీస్కొచ్చింది ఆయననే. ఇగ సంతకు పోవాలన్నా, పోస్టాఫీసుకు పోవాలన్నా ఆయన జీపే. ఒకపారి తొవ్వల అన్నడట, "మా రెబెకా పోయినంక మూడు సలికాలాలు, నాకు తానానికి నీళ్లు కాగబెట్టిచ్చినోళ్లు లేరు, సన్నీళ్లే పోసుకుంటున్న" అని. గంతే. ఆమె గా మాట పట్టుకున్నది.

మరి నేను లేనా అక్కా? మూడేండ్ల సంది ఆదివారం ఆదివారం కూరగిన్నె పట్టుకొని ఆయన గడపకు పోయిన. "గక్కడ పెట్టు దీనా" అంటడు. ఒక్కనాడన్న నీళ్లు కాగబెట్టుమని నన్నడిగిండా? నీ ఏడాది ప్రార్థన అయినంక బాపు నోరు తెరిచి అడిగిండు, దీనను చేసుకో బిడ్డా అని. "దీన నాకు చెల్లె అసువంటిది మామా" అన్నడు. నేను గదే అర్రల చాయ్ గిలాసలు కడుగుతున్న. ఇన్నట్టు చెయ్యలే, కడుక్కుంటనే ఉన్న.

పోయిన శనివారం ఆమె బావను బువ్వకు పిలిచింది. ఊకె బువ్వ కాదు. సోమవారం ఆమె కాయిదాలు పోవాలె, ఇంకో ఏడాది ఉంటదా, మార్చిల పోతదా అని. బావ శనివారం మాట చెప్త అన్నడట. ఉండుమంటె ఉంటది. లగ్గం ముచ్చటనే, మరేంది.

ఇగ ఆ దినం చూడాలె నువ్వు. పొద్దుగాల్నే కరెంటు కిందమీదయి నీళ్లు కాగబెట్టే రాడ్ టప్పుమని కాలిపోయింది. లోపల్లోపల స్తోత్రం అనుకున్న. పది కొట్టంగ గ్యాస్ అయిపోయింది, సోమవారం దాక రాదన్నరు. రాత్రి తోడేసిన పాలు పాల తీరుగనే ఉన్నయి, సలికి తోడుకోలే. పెరుగు లేంది బావకు బువ్వ దిగదు, నీకెర్కే. తలకు పెట్టుకుందామంటె కొబ్బరినూనె సీసల గడ్డకట్టి కూసున్నది. దేవుడే చూసుకుంటుండు, నేను చెయ్యి పెట్టే పని లేదనుకున్న.

గని గా మనిషి ఓడలే అక్కా. నూనె సీస ఎండల పెట్టింది. పాలగిన్నెకు స్వెట్టర్ చుట్టి బియ్యం సంచిల దించింది. బడిల ఎవరో చెప్పిండ్రట, నేనైతె చెప్పలే. మూడు ఇటుకలు పెట్టి వాకిట్ల పొయ్యి ఏసింది. పచ్చి కట్టె, అంటుకుంటదా? ఊదుగొట్టం పట్టుకొని మంటయ్యేదాక ఊదింది. కండ్లు ఎర్రగ, ముక్కు మీద మసి. పగటీలికి కోడికూర ఉడికింది, పెరుగు గడ్డగ తోడుకున్నది. గిన్నె వంచి చిన్నపిల్ల తీరుగ నాకు చూపిచ్చుకుంట, "పడుతలేదు దీనా, పడుతలేదు" అని నవ్వింది.

అప్పుడు అడిగింది. "మీ ఇండ్లల్ల మనిషికి తానానికి నీళ్లు ఎట్లిస్తరు? మర్యాదగ ఇయ్యాలె, ఆయన సంతోషపడాలె."

మన నాయనమ్మ బుచ్చవ్వ మనకు ఏం నేర్పింది చెప్పు. బతికున్నోళ్లకు ముందల బకీట్ల ఉడుకునీళ్లు పోసి, దాని మీదకెల్లి సన్నీళ్లు కలపాలె. సన్నీళ్ల మీద ఉడుకునీళ్లు పోసేది పీనుగ తానానికే. తిర్గమర్ర పోస్తె నా ఈపు పగలగొట్టింది ముసల్ది. మనం యేసయ్య బిడ్డలమే, కాదన్ననా? గివి మాత్రం ఎక్కడికి పోయినయ్? పాస్టరమ్మ ఇంట్ల సుత గంతే.

నీకు గట్లనే పోసినం. సన్నీళ్ల బకీటు నేను పెట్టిన. ఉడుకునీళ్ల గంజు బావ తెచ్చి దాంట్ల వంచిండు. సగం కింద పోయినయి, ఆయన పాదాల మీద పడ్డయి, కాలింది సుత ఆయనకు తెల్వలే. నాకు యాదున్నది. ఆయనకు ఉండదా?

ఆమె నా మొఖం చూస్తున్నది. నేను చెప్పిన.

"సన్నీళ్లు ముందల సగం బకీటు పెట్టు టీచరమ్మా. ఆయన కూసున్నంక, ఆయన ముందలనే ఉడుకునీళ్లు మీదకెల్లి పొయ్యి. గదే మా మర్యాద." మరిచిపోతనేమో అని రెండుసార్లు చెప్పిచ్చుకున్నది. రెండుసార్లు చెప్పిన.

పొద్దూకంగ వచ్చిండు. తెల్లంగి, నున్నగ గీసిన గడ్డం, భుజం మీద కొత్త తువ్వాల. నీ లగ్గమప్పటి తీరుగున్నడు, అబద్ధమెందుకు. ఎనుక జాలారి కాడ, తానం చేసే బండ మీద కూసున్నడు, అంగి ఇప్పి తీగెకేసిండు. ఆమె ఏదో అంటె నవ్విండు. మూడేండ్లకు ఆయన నవ్వంగ చూసిన నేను, తలుపు సందులకెల్లి.

ఆమె చున్నీతోని గంజు పట్టుకొని తెచ్చింది. సన్నీళ్ల బకీటు ఆయన ముందల పెట్టి, దాంట్ల వంచింది. ఆవిరి లేసింది. ఆయన బకీటు దిక్కే చూసుకుంట ఉన్నడు.

లేసిండు. అంగి తొడుక్కున్నడు, గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నడు. "వస్త టీచరమ్మా" అన్నడు, గంతే. ఏమని చెప్తడు? నాకు పీనుగ నీళ్లు పోసినవంటడా? జీపు చప్పుడు పోయేదాక ఆమె ఖాళీ గంజు పట్టుకొని గక్కడనే నిలబడ్డది. ఎనుకకు తిరిగి బకీట్ల ఏలు పెట్టి చూసుకున్నది. "నీళ్ల ఏడి ఎక్కువైందా దీనా?" అన్నది.

"మగోళ్లు గంతే టీచరమ్మా" అన్న. కోడికూర ఇద్దరం తిన్నం. ఆమె రెండు మెతుకులు కతికి ఇడిచింది. నేను రెండుపార్లు ఏసుకున్న, పెరుగు సుత ఏసుకున్న. మంచిగ తోడుకున్నది.

సోమవారం కాయిదాలు పంపింది. మార్చిల పోతది.

గట్ల చూడకు. చెప్పనిది ఇంకోటున్నది.

మంగళవారం బడి గేటు కాడ బావ నన్ను ఆపిండు. "గా నీళ్లు నువ్వు నేర్పినవా?" అన్నడు. "నాకేం తెల్వదు బావా, రెబెకక్క మీద ఒట్టు" అన్న. చచ్చినోళ్ల మీద ఒట్టు పెడితె ఏమైతదిలే అనుకున్న. "ఆదివారం కూర తేకు ఇగ, దీనా" అన్నడు. జీపెక్కి పోయిండు.

నీకోసం చేసిన అంటె నమ్ముతవా? నమ్మకు. నీ జాగల ఇంకోతి రావద్దని చెయ్యలే. నీ జాగ నాకు కావాలె. నువ్వు బతికున్నప్పుడు సుత కావాలె. నీకు తానం పోస్తుంటె ఏడ్సిన గదా, అందరు అయ్యో చెల్లె అన్నరు. ఆ ఏడుపుల సగమే నీది.

మొన్నటి సంది నాకు సలిజరం. నిన్న ఒణుక్కుంటనే పనికి పోయిన. ఆమె నా నొసలు పట్టి చూసి, చెయ్యి పట్టుకొని బండ మీద కూసోబెట్టింది. రాడ్ ఇంకా తెచ్చుకోలే, వాకిట్ల పొయ్యి ఆమెనే ముట్టిచ్చింది. సగం బకీటు సన్నీళ్లు నా ముందల పెట్టింది. గంజు తెచ్చి, మీదకెల్లి వంచింది. ఒక్క సుక్క కింద పడనియ్యలే.

"సరిగ్గనేనా దీనా? మర్యాదగ?" అన్నది.

వద్దంటె ఎందుకు అంటది. ఎందుకో చెప్తె అన్నీ చెప్పాలె.

"సరిగ్గనే టీచరమ్మా" అన్న.

పోసుకున్న అక్కా. తల మీదికెల్లి పోసుకున్న. ఆమె పక్కన నిలబడి తువ్వాల పట్టుకున్నది. నీళ్లేమో వెచ్చగ, మంచిగనే ఉన్నయి.

ఇగ పోత, సలి ఎక్కువైతున్నది. నీ పక్కన జర జాగ ఉంచు.