చిల్లు లేని పాలటిన్ను

రెంగసామి కొండెక్కిన సంగతి మా తోటలో తెలియనివాళ్ళు లేరు. అడగకుండానే చెబుతాడు కాబట్టి తెలియకుండా ఉండే వీలు లేదు. వెంకమ్మ టీ కొట్టు బెంచీకి కుడివైపు అతని చోటు. బెంచీకి ఎడమవైపు కాలు విరిగి చాలా కాలమైంది, రెండు చివర్లా బరువుంటేనే నిలుస్తుంది. ఆ పక్కన కూర్చున్నవాడు కథ అయ్యేదాకా లేవకూడదు, లేస్తే రెంగసామి కింద పడతాడు. మర్యాద కొద్దీ అందరం అతని కథలు చివరిదాకా వింటున్నామని బయటి ఊళ్ళవాళ్ళు అనుకుంటారు.

మలయాకి మెర్డెకా, అంటే స్వతంత్రం, వచ్చి నెల దాటింది. కొట్టు చూరుకి కట్టిన కాగితం జెండా వానలకి రంగు దిగిపోయి, ఏ దేశానిదో చెప్పడం కష్టంగా ఉంది. తెల్లవారకముందే రబ్బరు చెట్లకి గాట్లు పెట్టి, మధ్యాహ్నం దాకా పాలు మోసిన జనం సాయంత్రానికి అక్కడ చేరతారు. తన టీ కోసం వస్తున్నారని వెంకమ్మ నమ్మకం. కూలబడ్డాక లేచి ఇంటికి పోయే ఓపిక లేకపోవడమే అసలు సంగతి.

ఆ రోజు కాంతయ్య కూడా వచ్చాడు. అదే వింత. కాంతయ్య ఏడాదికి వాడే మాటల్ని ఆసుపత్రి కాంపౌండరు ప్రకాశం ఒక్క ఆదివారం ప్రార్థనలో వాడేస్తాడు. కాంతయ్య కూతురు రత్నావతిని కొండ మీద పైతోటలో ఇచ్చారు. పెళ్ళి ఇక్కడే జరిగింది. అడివిలో దాగిన తిరుగుబాటుదార్లతో సర్కారు పోరాడిన ఎమర్జెన్సీ రోజుల్లో ఆ దారిలో పటాలం బండ్లు, సరుకు లారీలు తప్ప ఏమీ తిరగలేదు కాబట్టి కాంతయ్య ఇంతవరకు కూతురి గడప తొక్కలేదు. పెళ్ళాం పోయింది, ఇంట్లో ఒక్కడే. ఇప్పుడు పిల్లకి తొలికానుపు, పుట్టింటికి తీసుకురావాలి. పైతోట లారీ డ్రైవరు కొండ దిగేటప్పుడు పక్కన ఒక ఆడమనిషిని కూర్చోబెట్టుకుంటాడు, ఎక్కేటప్పుడు మాత్రం సరుకు తప్ప ఎవరినీ ఎక్కించుకోడు. పుట్టింటి మనిషి గుమ్మంలో నిలబడి నోరారా పిలిస్తేనే పంపుతాను, లేకపోతే కానుపు ఇక్కడే అని పిల్ల అత్తగారు కబురు చేసింది. అంటే కాంతయ్య సైకిలెక్కాలి, కొండెక్కాలి, ఆపైన నోరు తెరవాలి. మూడోదే అతనికి కష్టం.

"రెంగసామి బావా," అన్నాడు బెంచీ ఎడమ చివర్న కూర్చుని గ్లాసులోకి చూస్తూ. "ఆ కొండదారి నీకు తెలుసంటారు. శుక్రవారం నాతో వస్తావేటి?"

రెంగసామి కాళ్ళు చాపుకున్నాడు. మలాయివాళ్ళలాగా మాట చివర 'లా' తగిలించడం అతని అలవాటు.

"తెలుసా అని అడుగుతావేటి కాంతయ్యా, ఆ దారికి నేను తెలుసు. యాబై రెండులో లా, ఎమర్జెన్సీ మా మండిపోతున్న రోజులు. మన గుమాస్తా కిరాణి పైతోటకి లెక్కలు చూడ్డానికెల్లి కళ్ళజోడు మరిచిపోయి వచ్చినాడు. జోడు లేక కూలీలందరికీ ఒకే పేరు రాసేస్తన్నాడు. ఎవుడో ఒకడు ఎల్లి తేవాల. ఎవుడెల్తాడు? నేనెల్లినాను. కువాలా కుబు ఊరు దాటినాక ఇంక మనిషన్నవాడు లేడు. కారు లేదు, బస్సు లేదు, నా చైను చప్పుడు నాకే వినిపిస్తంది. ఓ పక్క కొండ, ఓ పక్క లోయ. మొదటి మలుపు సైకిలు దిగకుండా తొక్కేసినాను. అంతే, అందులో గొప్పేటీ లేదు."

ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరైనా ఒక మలుపు తొక్కగలరు అన్నాడు ప్రకాశం.

"ఆ తర్వాతేటయిందో తెలుసా? వెనక టైరు పంచరు. నా దగ్గర పంపుంది గాని అతుకు లేదు. పక్కనే రబ్బరు చెట్టుంది. గాటు పెట్టినాను, ట్యూబులోకి పాలు పట్టినాను, లోపలే గడ్డకట్టేసింది."

"పాలు గడ్డకట్టాలంటే ఆసిడ్ పొయ్యాలి కదా మావా," అన్నాడు ప్రకాశం.

"జేబులో నిమ్మకాయుంది అబ్బాయ్, పిండినాను. ఇంక చూడు, నిండా రబ్బరు చక్రం కదా, దారిలో గులకరాయి తగిలితే చాలు, ఈ మలుపులో ఎగిరి పై మలుపులో పడతన్నాను. తొక్కడం మానేసి గంట కొట్టుకుంటా కూచున్నాను. ఆ గంట విని పులొకటి బయటికొచ్చింది. నేను ఎక్కతన్నాను, అదీ ఎక్కతంది. ఎంతకని ఎక్కుద్ది పాపం, మైలురాయి దగ్గర కూలబడి నాలిక బయటపెట్టేసింది. పొద్దున్న పనిలోకెల్లి సాయంత్రానికి మనం ఎలాగుంటాం, అలాగుంది దాని మొహం. నాకు జాలేసింది. వెనక కేరియరు మీద ఎక్కించుకున్నాను."

"పులినా?"

"ఎక్కువ దూరం కాదు లా. తర్వాతి మలుపులో దిగిపోయింది. ఆడ దానికేదో పనుంది."

టీ కొట్టులో ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా కొంచెం బలం కావాలి.

"ఆ తర్వాత మంచు. ఎంత చిక్కటి మంచంటే దారి ఎక్కడ తిరిగిందో నాకు కనపడలేదు. తిన్నగా తొక్కేసినాను. కాసేపటికి కిందకి చూస్తే ఏటుంది? లోయ. చెట్ల మీంచి కోతులు తలెత్తి నన్నే చూస్తన్నాయి. దారి మీద కాదన్నమాట, మంచు మీద తొక్కతన్నాను. ఆగితే కిందకి దిగిపోతాను కదా, అందుకని ఆగలేదు. ఎదురు కొండ మీద కిరాణి కళ్ళజోడు తళుక్కుమంటంది, దాన్నే గురి పెట్టుకుని లోయ మొత్తం దాటేసినాను."

"ఆ మంచు పట్టే చోట," అన్నాడు కాంతయ్య మెల్లగా, "దారి పక్కన కంచె ఉంటదా బావా?"

రెంగసామి కథలో ఎవరూ నిజంగా తెలుసుకోవడానికి ప్రశ్న అడగడం అదే మొదటిసారి. 

"కంచా? పైనుంచి ఎల్లినాను కదా, చూసుకోలేదు. అసలు సంగతి విను. దారిలో రెండు రాత్రులయిపోయినాయి. పైకి చేరేసరికి తోట తోటంతా ఆకలి. తిండి లారీ రావడం మానేసింది. నా తలపాగాలో పాలటిన్నుంది. మాటామాటాలు, అదే పోలీసోళ్ళు, గేటు కాడ జేబులు వెతికినారు, చెప్పులు వెతికినారు, పెద్దమనిషి తలపాగా ఎవుడు విప్పిస్తాడు? కొట్లో కొన్నది కొన్నట్టే ఉంది, చుక్క పోలేదు. చాకుతో మూత కోసి, ఆ ఒక్క టిన్నుతో తోటందరికీ టీ పెట్టినాను. మీ వియ్యపురాలు కూడా తాగింది కాంతయ్యా. ఇంకో గ్లాసు అడిగింది."

వెంకమ్మ అటు తిరిగి గ్లాసులు కడుగుతోంది. తిరక్కుండానే అడిగింది. "ఆ టిన్ను ఎవరి కొట్లో కొన్నావు రెంగసామీ?"

"నీ కొట్లోనే అక్కా. ఇంకెక్కడ కొంటాను?"

వెంకమ్మ చెయ్యి తుడుచుకుని, స్తంభానికి తాడుతో వేలాడుతున్న పొడుగాటి మేకు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇదేటి?" అనడిగింది.

"మేకు."

"మొన్నమొన్నటిదాకా దీంతో రెండు చిల్లులు పొడవకుండా ఒక్క టిన్ను కూడా ఈ గుమ్మం దాటనిచ్చినానా? అడివిలోనోళ్ళకి మోసుకెళ్ళి దాచిపెట్టకుండా సర్కారోడు పెట్టిన రూలు కదా. నీ టిన్నుకీ పొడిచినాను. తలపాగాలో పెట్టుకుని పొద్దున్న ఎల్లినావు. మద్దేనానికి ఇదే బెంచీ మీద ఉన్నావు. జుట్టంతా పాలు, చెవుల్నిండా చీమలు. వేడినీళ్ళు పోసింది నేనే. కళ్ళజోడు తర్వాత లారీలో దిగింది."

ప్రకాశం గ్లాసులోకి చూసుకున్నాడు. చీమల సంగతి మా అందరికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే సాయంత్రాలు ఎలా గడుస్తాయని.

"మొదటి మలుపు నిజమే అక్కా," అన్నాడు రెంగసామి. "దిగకుండానే తొక్కినాను. ఆ పైన దారి ఎలాగుంటదో నాకు తెలవదు." తర్వాత కాంతయ్య వైపు తిరిగాడు. "నన్ను నమ్ముకోకు కాంతయ్యా."

కాంతయ్య లేవలేదు. లేస్తే ఏమవుతుందో అతనికీ తెలుసు.

"పైకెళ్ళే దారి ఒకటే బావా. తప్పిపోడానికి రెండోది లేదు. దారి చెప్పేవాడు నాకెందుకు? అంత దూరం మనిషి గొంతు వినకుండా నేను ఎక్కలేను. ఎక్కినా, ఆ వియ్యపురాలి ముందు నాకు నోరు రాదు. నీకు వస్తది. పిల్లని పంపమని నువ్వు అడుగు, నేను పక్కన నిలబడతాను."

కాంతయ్య అన్నేసి మాటలు ఒక్కసారి వాడటం అతని పెళ్ళి చూసినవాళ్ళు కూడా ఎరగరు. రెంగసామి తల వంచుకుని పక్కనున్న తన సైకిలు టైరు నొక్కి చూసుకున్నాడు. అందులో గాలి లేదు.

వెంకమ్మ అల్మరాలోంచి ఒక పాలటిన్ను తీసి కాంతయ్య చేతిలో పెట్టింది. మేకు ముట్టుకోలేదు.

"రూలు తీసేసినారు. దీనికి చిల్లు లేదు. వియ్యపురాలి ఇంట్లో మూత కొయ్యండి, మొదటి మలుపులో కాదు."

శుక్రవారం చీకటితో ఇద్దరూ వెళ్ళారు. శనివారం సాయంత్రం లారీ వచ్చి వెంకమ్మ కొట్టు ముందు ఆగింది. రత్నావతి ఒక చేత్తో పొట్ట, ఇంకో చేత్తో ఖాళీ టిన్ను పట్టుకుని జాగ్రత్తగా దిగింది. మూత గుండ్రంగా కోసి ఉంది. వెంకమ్మ టిన్నుని వెలుతురుకి పట్టి అడుగూ అంచూ చూసింది. ఎక్కడా చిల్లు లేదు.

"రెంగసామి ఏం మాట్లాడి ఒప్పించినాడమ్మా?" అన్నాడు ప్రకాశం.

"మావయ్యా? గుమ్మంలో కూలబడిపోయినాడు. ఊపిరే అందలేదు, ఇంక మాటేటి. మా అత్త నువ్వెవురు, ఏటి కావాల అని మావయ్యనే అడగతంది. ఆయన చెయ్యి ఊపతన్నాడు. నాన్న అటూ ఇటూ చూసి, ఇంక గతి లేక తనే నోరు విప్పినాడు."

"కాంతయ్యా? ఏమన్నాడు?"

"దారిలో పులి కనపడిందన్నాడు. అలసిపోయుంటే కేరియరు మీద ఎక్కించుకున్నామన్నాడు. మా అత్త నవ్వి నవ్వి, టీ పెట్టి, నన్ను తీసుకెళ్ళమంది."

మర్నాడు ఇద్దరూ సైకిళ్ళు నడిపించుకుంటూ దిగారు. రెంగసామి తన చోట కూర్చుని, వెంకమ్మ పెట్టిన వేడినీళ్ళ గిన్నెలో పాదాలు ముంచాడు. కొట్టంతా అతని మొహమే చూస్తోంది. ఈసారి నిజంగా ఎక్కాడు కదా.

"ఎలాగుంది మావా?" అన్నాడు ప్రకాశం.

"ఎత్తు," అన్నాడు రెంగసామి. కళ్ళు మూసుకున్నాడు.

ఎంతసేపు చూసినా ఇంకో మాట రాలేదు. టీలు చల్లారిపోయాయి. లేద్దామని మేం అనుకుంటుండగా బెంచీ రెండో చివర్న, విరిగిన కాలు పక్కన, కాంతయ్య గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఆ తర్వాతేటయిందో తెలుసా?"