వైద్యం బొమ్మకా, నడుముకా?

మిత్రులారా, పెద్దలారా, ముందువరసలో కూర్చున్న సల్వా వదినా,

మన డాక్టర్ రిదా కమ్మూన్ పోయి నేటికి నలభయ్యో రోజు. స్ఫాక్స్ ఊరంతా తరలివచ్చినట్టుంది. ఏడుపొచ్చేవాళ్ళు ఏడవండి. పక్క గదిలో అతనితో ఏళ్ళ తరబడి పనిచేసిన డాక్టర్ని నేను. నాకు ఏడుపు రావడం లేదు, కోపం వస్తోంది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. బతికున్నవాళ్ళకి ఆ నియమం లేదు కదా?

ఏళ్ళ తరబడి నడుంనొప్పితో కుంగినవాళ్ళకి వెన్నుకింది కీలులో సూదిమందు వేసేవాడు రిదా. సూది ఎటు పోతోందో ఎక్స్-రే తెర మీద చూస్తూ, రోజంతా ఆ కిరణాల పక్కనే. ఒంటిమీద సీసపు ఏప్రన్, దానికి కిరణాల మోతాదు కొలిచే బ్యాడ్జీ ఉండాలి. బ్యాడ్జీ సొరుగులో ఉండేది. ఎందుకు? మోతాదు మించితే డాక్టర్ని గదిలోకి రానివ్వరు. ఈ సూది వేసే ఇంకో డాక్టరు లేడు. "నేను బయట కూర్చుంటే, బయట కూర్చున్నవాళ్ళ గతేంటి?" అనేవాడు.

రక్తపు క్యాన్సరుతో పోయాడు. కిరణాల వల్లేనా? నాకు తెలీదు. కొలిచేది సొరుగులో పడుంటే ఎవరికి తెలుస్తుంది? నీ భర్త మీద కూడా నాకు కోపమే. క్షమించు వదినా.

మరి దారి లేదా? ఉంది. అల్ట్రాసౌండులో కిరణాలే ఉండవు. రిదా రెంటినీ పోల్చి చూశాడు. సగంమందికి అది, సగంమందికి ఇది. నొప్పి ఎంత తగ్గిందో రోగుల్ని అడిగి రాసుకునేవాళ్ళకి, పక్షపాతం రాకూడదని, ఎవరికి ఏది చేశారో చెప్పలేదు. ఎక్స్-రేతో సూది ఎక్కువ కచ్చితంగా కీలులోకి వెళ్ళింది. నొప్పి మాత్రం రెండు రకాలవాళ్ళకీ ఒకేలా తగ్గింది. బాగా లావుగా ఉన్నవాళ్ళకి ఎక్స్-రేనే కావాలనీ అతనే చెప్పాడు. ఏదీ దాచలేదు.

మా విభాగాధిపతి ఏమన్నారు? "తెర మీద బొమ్మ స్పష్టంగా ఉండాలయ్యా, అదీ వైద్యమంటే." రిదా ఊరుకుంటాడా? "బొమ్మకి నొప్పి లేదండీ, నడుముకుంది" అన్నాడు. ఆ వారమే అల్ట్రాసౌండు యంత్రం డబ్బున్నవాళ్ళ వార్డుకి ఎక్కింది.

ఆలివ్ తోటల్లో వంగి వంగి నడుం పోగొట్టుకున్న మబ్రూకా పిన్ని ఇక్కడే ఉంది. నమాజులో నుదురు నేలకి ఆనించలేక ఏడ్చేది. యంత్రం పైకి పోకముందు రిదా ఆవిడకి అల్ట్రాసౌండుతోనే చేశాడు. "నాయనా, ఆ యంత్రం పేరుకి నాకు నోరు తిరగదు. నుదురు నేలకి తగిలింది, అంతే చాలు" అంది. విభాగాధిపతిగారూ, ఇంతకంటే స్పష్టమైన బొమ్మ మీ తెర మీద ఎప్పుడైనా చూశారా?

ఇక రిదా స్థానంలోకి వచ్చేది అతని శిష్యురాలు ఎమ్నా. ఆ పిల్ల కడుపుతో ఉంది. రేపు పొద్దున్నే మొదటి రోగి వచ్చి పడుకుంటాడు. ఆసుపత్రి డైరెక్టరుగారూ, మిమ్మల్నే అడుగుతున్నాను: ఎమ్నాని ఏ యంత్రం పక్కన నిలబెడతారు? "పరిశీలిస్తాం" అనకండి. యంత్రం తిరిగి ఇమ్మని అడిగినప్పుడల్లా ఆ మాటే వింటూ వింటూ రిదా పోయాడు.

లేవండి. అందరూ లేచి నిలబడండి. రిదా కోసం మౌనం పాటిద్దాం. ఎంతసేపని గడియారం చూసుకోకండి. డైరెక్టరుగారు జవాబు చెప్పాక కూర్చుందాం.