జవాబులన్నీ అమ్మవే

మిర్యాలగూడలో ఒక దవాఖాన. నేరేడుచర్ల దారిలో బండి జారిపడ్డ కొడుకును బాలమ్మ ఆటోలో తెచ్చి ఎమర్జెన్సీ మంచం మీద పడుకోబెట్టింది. తలాపున సిస్టర్ శ్రీలత.

“తమ్మీ, నీ పేరేంది?”

“జయరాజు.”

“అమ్మా, నిన్నడగలే. పేషెంటునడిగిన.”

“నా కొడుకు పేరు నాకెర్క లేదా సిస్టరమ్మా? నువ్వు ముందుగాల ఆ మోకాలు సూడు. కాలు తీసేస్తరా?”

“జర గీరుకపోయింది, గంతే. గింతదానికి కాలు తీస్తే మిర్యాలగూడల ఒక్కనికీ కాళ్లుండయ్.”

“నవ్వకు బిడ్డా. మా పిచ్చయ్య మామకు గిట్లనే కాళ్ల ముల్లు ఇరిగి పానం పోయింది.”

“ముల్లుకే పోయిండా?”

“పాము కరిసి పోయిండు. అయినా మొదలైతే ముల్లే గదా.”

“ఏసయ్యా! తమ్మీ, కండ్లు తెరువు. ఇప్పుడు ఏడున్నవ్?”

“దవాఖానల ఉన్నడు, ఇంకేడుంటడు? గది నీకే తెల్వకపోతే వైద్యమేం జేస్తవ్?”

“ముందు నీ నోటికి కట్టు కట్టాలమ్మా. తలకు దెబ్బ తాకిందా?”

“తలకేమైతది? మొన్ననే హెల్మెట్ కొనిచ్చిన.”

“పెట్టుకున్నడా?”

“బండి అద్దానికి తగిలిచ్చిండు. కొత్తది గదా, పాడైతదని.”

“శాన తెలివి. పాడైందా మరి?”

“ఒక్క గీత పడలే!”

“సంతోషం. కక్కుకున్నడా?”

“ఆటోల రెండుమార్లు. పొద్దుగాల మిర్చి బజ్జీలు తిన్నడులే, గందుకే. గది ఇడిసిపెట్టు, మోకాలు...”

“రెండుమార్లా? గీ ముచ్చట ఇప్పుడా జెప్పేది? అమ్మా, నీకు దండం పెడ్త. ఇగ ఒక్క మాట మాట్లాడితే బయటికి పంపిస్త. తమ్మీ, గిటు సూడు. ఈమె ఎవరు?”

“నేను వాని...”

“నువ్వు గాదమ్మా! తమ్మీ, నువ్వు జెప్పు. నీ పక్కన నిలబడ్డది ఎవరు?”

“ఏమో... ఎవరో పెద్దమ్మ. వచ్చినకాడికెళ్లి... ఒకటే లొల్లి జేస్తున్నది.”

“డాక్టర్ సాబ్! జల్ది రాన్రి! తలకు స్కానింగ్ తీయాలె!”

“అయ్యో, వద్దు సిస్టరమ్మా, పిలవకు. నవ్వులాటకు అన్నడు. వానికేం గాలే. ఉత్త మోకాలే... జర గీరుకపోయింది, గంతే.”